స్ఫటిక సౌష్ఠవ పరిశోధనలో అగ్రగణ్యులు ఆచార్య సూరి భగవంతం

మేళ్లచెరువు: సూర్యాపేట జిల్లా (పూర్వపు నల్లగొండ జిల్లా) మేళ్లచెరువు ప్రాంత సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయిలో ప్రధాన ఖనిజం కాల్సైట్. ఆ స్ఫటికంపై కాంతి పరిక్షేపణను పరిశీలించిన తెలుగు శాస్త్రవేత్త ఆచార్య సూరి భగవంతం.

1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టా పొంది, 1928లో కలకత్తాలో సర్ సి.వి. రామన్ శిష్యులయ్యారు. రామన్ ఫలితం వెలుగుచూసిన సంవత్సరమది. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరారు.

స్ఫటికంలో పరమాణువులు క్రమబద్ధమైన జాలకంగా అమరి ఉంటాయి. ఆ అమరికలోని సౌష్ఠవాన్ని సమూహ సిద్ధాంతమనే గణితశాఖతో లెక్కగట్టి, స్ఫటికపు కంపనాలలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపించగలవో ముందుగానే చెప్పే పద్ధతిని భగవంతం, గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి 1939లో ప్రకటించారు. ఒత్తిడికి లోనైన స్ఫటికం కాంతిని ప్రసరింపజేసే తీరును వర్ణించడానికి ఘన స్ఫటికాలన్నింటికీ 3 స్థిరాంకాలు చాలునని జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ నిర్ణయించగా, వాటిలో రెండు తరగతులకు 4 అవసరమని భగవంతం 1942లో నిరూపించారు. అనంతర ప్రయోగాలు దీనిని ధ్రువపరచాయి. దశాబ్దాలుగా ప్రామాణికమైన పట్టికను వాల్తేరు నుండి సరిదిద్దడం సామాన్య విషయం కాదు.

జాలకంపై పరస్పర ప్రభావం గల క్వాంటం కణాల లెక్క ఇంతకంటె జటిలం. 40 స్పిన్‌లకే సాధ్యమైన అమరికలు లక్ష కోట్లు దాటుతాయి. 2017లో కార్లియో, ట్రాయర్ అను శాస్త్రవేత్తలు న్యూరల్ నెట్‌వర్క్‌తో ఆ తరంగ ప్రమేయాన్ని కొద్దిపాటి సంఖ్యలలో ఇమిడ్చి చూపారు. జాలక సౌష్ఠవాన్ని ముందే నెట్‌వర్క్‌లో పొందుపరచి ఆ సంఖ్యలను మరింత తగ్గించారు. భగవంతం పరిశోధనలు కంపనాలకు, స్ఫటిక ధర్మాలకు సంబంధించినవే గాని ఈ సమస్యకు కావు. అయితే లెక్కకు ముందు సౌష్ఠవాన్ని విచారించే మార్గం మాత్రం ఒక్కటే.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా (1952-57), బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రి శాస్త్ర సలహాదారుగా ఆయన సేవలందించారు. ఈ పదవులు ప్రయోగశాలకు దూరం చేసినా, స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై ఆయన గ్రంథం 1966లో వెలువడింది. 1989 ఫిబ్రవరిలో ఆచార్య భగవంతం పరమపదించారు.