కాంస్యశిల్పి అడ్రియాన్ డె వ్రీస్

హాలండు దేశపు హేగ్ నగరమున 1556 ప్రాంతమున జన్మించిన అడ్రియాన్ డె వ్రీస్ ఫ్లోరెన్సులో జాంబొలోన్యా శిల్పశాలయందు విద్య గడించి, 1601లో ప్రాగ్ నగరమున రెండవ రుడాల్ఫ్ చక్రవర్తికి ఆస్థానశిల్పి యయ్యెను. మైనపు మూలమూర్తినే కరగించి పోతపోయుట ఆయన పద్ధతి. మన శిల్పశాస్త్రములు చెప్పు మధూచ్ఛిష్టవిధానము దీనివంటిదే. పోత చెడినచో మూలమును మిగులదు. ఆ సాహసమే ఆయన ఘనత.

భూగోళమును మోయుచున్న బాకస్ దేవుని అనుచరుని కంచుమూర్తిని, తాను మరణించిన 1626లోనే పోసెను. 1648లో స్వీడన్ సేనలు ప్రాగ్‌లోని ఆయన శిల్పములను కొల్లగొనిపోయెను. ఈ మూర్తి మాత్రము ఆస్ట్రియాలో ఒక కోటముంగిట, కర్తను గుర్తించువారు లేక, చిరకాలము నిలిచెను. 2014లో న్యూయార్కు వేలమున ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియము 2 కోట్ల 78 లక్షల డాలర్లకు పైగా వెచ్చించి దీనిని కొనెను. తన పేరుచెంత హేగ్ వాసినని చెక్కుకొనుట ఆ శిల్పికి అలవాటు.