యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, మట్టిలోని సూక్ష్మజీవి నుండి లభించిన ఆరియోమైసిన్ ఈయన నాయకత్వములో వెలువడిన ఔషధాలు.

బాల్యము, విద్య

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, పాలకొల్లుకు సుమారు 20 కిలోమీటర్ల దూరములో ఉన్న భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. రాజమండ్రిలో చదివినా, మెట్రిక్యులేషన్ మాత్రం మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నములో పూర్తిచేశాడు. పిమ్మట మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించడం ఈయనను పరిశోధన వైపు మళ్ళించింది.

అమెరికాలో

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన సహాయముతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తము, మూత్రములలో భాస్వరమును కొలిచే పద్ధతిని 1925లో రూపొందించాడు. ఆ పద్ధతి ద్వారానే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. బయటపడ్డాయి. అయినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనతికాలములోనే పరిశోధన విభాగాధిపతి అయ్యాడు. 1945లో ఈయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మంచి మందుగా తేలింది. 1947లో వెలువడిన హెట్రజాన్ గోదావరి డెల్టాను పీడించిన బోదకాలు వ్యాధిపై పోరులో నేటికీ వాడుకలో ఉన్నది.

మట్టిలోని మందు

వానాకాలములో పెరట్లోను, పూలకుండీలలోను మొలిచే పుట్టగొడుగులు, మట్టిలో అల్లుకొన్న సన్నని పోగుల ఫలభాగాలు మాత్రమే. అటువంటి పోగులతోనే పెరిగే స్ట్రెప్టోమైసిస్ జీవులను చాలాకాలము శిలీంధ్రాలుగా భావించారు. ఇవి నిజానికి బాక్టీరియా. తొలకరికి తడిసిన నేల వాసనకు ముఖ్య కారణము ఇవే. లెడర్లీలో మట్టి నమూనాలను పరీక్షించే పని బెంజమిన్ డగ్గర్ చేపట్టాడు. పుట్టగొడుగుల పెంపకముపై 1915లో పుస్తకము రాసిన ఈ వృక్షశాస్త్రజ్ఞుడు, 70 ఏళ్ళు దాటిన తరువాత ఆ సంస్థలో చేరాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయ క్షేత్రపు మట్టిలో బంగారు వన్నెతో పెరిగే జీవి ఆయనకు కనిపించింది. దాని నుండి లభించిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిది. పెన్సిలిన్ లొంగదీయలేని అనేక క్రిములపైన కూడా ఇది పనిచేసింది.

మరణము, గుర్తింపు

1948 జులైలో ఆరియోమైసిన్ ఫలితాలు న్యూయార్కులో వెల్లడయ్యాయి. మరుసటి నెలలోనే సుబ్బారావు గుండెపోటుతో పెరల్ రివర్ లో మరణించాడు. 1922లో వీడిన స్వదేశమునకు ఆయన తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఆయనను మళ్ళీ చూడలేదు. అమెరికా పౌరసత్వము కూడా ఆయన తీసుకోలేదు. 1953లో క్లిఫర్డ్ హెసెల్టైన్, మురుగునీటిని శుద్ధిచేసే వడపోతలలో కనుగొన్న ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. శతజయంతి సందర్భముగా 1995లో భారత తపాలాశాఖ ఈయన స్మారక బిళ్ళను విడుదల చేసింది.