పల్లెల పుట్టుపూర్వోత్తరాలకు ప్రాణం పోసిన మెకంజీ
కైఫియత్తులలో పదిలంగా కడప జిల్లా వంశావళులు

కడప : కరణం ఇంటి అటకపై కవిలెకట్ట చెదలపాలైతే ఊరి చరిత్ర అంతటితో సరి. ఎవరి తాత ఏ ఊరి నుంచి వలస వచ్చాడో, ఏ మాన్యం ఎవరిచ్చారో చెప్పే ఆధారం మరొకటి ఉండదు. అటువంటి కట్టలను వెదకి, విప్పించి, నకలు రాయించిన ఘనత కల్నల్ కాలిన్ మెకంజీకి దక్కుతుంది.

స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో స్టోర్నొవే ఆయన జన్మస్థలం. అక్కడ సుంకాల శాఖలో పనిచేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. దేశభాషలు ఆయనకు రావు. ఆ కొరత తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య ఎన్నో శాసనాలను, స్థానిక చరిత్రలను సేకరించి 1803లో నిండా ముప్పయ్యేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారాన్ని తలకెత్తుకున్నాడు.

1800లో నిజాం నుంచి కంపెనీకి సంక్రమించిన దత్త మండలాలలో మెకంజీ సర్వే జరిపించిన కాలంలో ఆయన గుమాస్తాలు గ్రామగ్రామానికీ వెళ్లారు. పాలెగాళ్ల వంశావళులు, చెరువులు, దేవాలయాలు, మాన్యాలు, ఊరి పేరు వెనుక కథ... కరణాల దండకవిలెలలో ఉన్నదీ, వృద్ధులు చెప్పినదీ కాగితాలకెక్కింది. ఇవే కైఫియత్తులు. కూపీ లాగి ఇనాములు రద్దు చేస్తారేమోనన్న అనుమానంతో కొందరు గుమాస్తాలను దరి చేరనీయలేదు. కంపెనీ పాలనావసరాలు తెలిసినవారు ఆ భయాన్ని తప్పుపట్టలేరు. కైఫియత్తులలో పుక్కిటి పురాణాలూ లేకపోలేదు. అయినా మూల కవిలెలు నశించిన ఊళ్లకు ఇప్పుడవే దిక్కు.

1815లో మెకంజీ భారతదేశపు తొలి సర్వేయరు జనరల్ అయ్యారు. 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించారు. ఆయన భార్య నుంచి కంపెనీ ఈ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టిక ప్రకారం అందులో 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు ఉన్నాయి.

సేకరణ కొనసాగించేందుకు లక్ష్మయ్య ముందుకు వచ్చినా 1830వ దశకంలో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి ప్రిన్సెప్ అంగీకరించలేదు. స్వదేశీయుడు అంతటి పనికి చాలడని ఆయన తలపు. పాతికేళ్లకు పైగా ఆ పని చేసినవాడు స్వదేశీయుడేనన్న సంగతి ఆయనకు పట్టలేదు.

కాగితమూ శాశ్వతం కాదు. మద్రాసు చేరిన ప్రతులు శిథిలమవుతుండగా, కడపతో విడదీయరాని అనుబంధం గల సి.పి.బ్రౌన్ పూనుకొని వాటికి తిరిగి నకళ్లు రాయించారు. ఆ సంపుటాలు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. జిల్లాకు సంబంధించిన కైఫియత్తులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. తమ ఊరి పేరు, తమ పూర్వికుల జాడ వెదుక్కోదలచినవారు వాటిని తిరగవేయవచ్చు.