కూల్డ్రే దొర

ఇంగ్లండు దేశమున ఆక్సుఫర్డు నగరమునకు సమీపమున, థేమ్సు నది యొడ్డున, ఆబింగ్డను అను చిన్న పట్టణము కలదు. ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే 1882లో అచ్చట జన్మించెను. ఆక్సుఫర్డులో చదువు ముగించి, భారత విద్యాశాఖలో ఉద్యోగిగా మన దేశమునకు వచ్చి, 1909లో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. అప్పటి కాయనకు ముప్పది యేండ్లయినను నిండలేదు.

ఆ కాలమున కోనసీమ లంకల నుండియు, పెద్దాపురము వంటి మెట్ట తాలూకాల నుండియు బాలురు పై చదువులకు రాజమహేంద్రవరము వచ్చుచుండిరి. తాటాకు టిండ్లలో పెరిగి, కాలువగట్ల వెంట నడచి బడికి పోయిన ఆ బాలురకు ఆంగ్ల సాహిత్యము బోధింపవలెను. అందలి మంచు, నైటింగేలు పక్షి పాట వారెన్నడు నెరుగనివి. వారి భాష, ఆచారములు, పండుగలు, భోజన నియమములు గురువునకు క్రొత్తవి. అన్నిటిని మించి గోదావరి తీరపు వేసవి యెండ క్రొత్తది. పాఠము నడుచునపుడు శిష్యులు మౌనముగ కూర్చుండిన, అది అర్థమైనందువలననో, గౌరవమువలననో, అయిష్టమువలననో పరదేశి కెట్లు తెలియును?

అయిష్టమునకు కారణము లేకపోలేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరమున ఉపన్యసించి పోయిన పిమ్మట, వందేమాతరమన్న నేరమునకు విద్యార్థులు శిక్షల పాలైరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు శిక్షణ కళాశాల నుండి బహిష్కృతుడయ్యెను. కూల్డ్రే వచ్చునప్పటికి ఆ గాయము మానియుండదు. దొర యనిన దూరము పాటించుట విద్యార్థులకు సహజము. బంగళాలో, క్లబ్బులో తమ దేశమునే నిర్మించుకొని కాలము గడపుట నాటి దొరలలో పెక్కుమందికి అలవాటు.

కూల్డ్రే కవి, చిత్రకారుడు. చిత్రకారునకు ఒక సౌకర్యము కలదు. కొబ్బరిచెట్టును గీయవలెనన్న దానిని చాలసేపు చూడక తప్పదు. చూచిన కొలది అది పరాయిచెట్టు కాకుండ పోవును. ఆయన గోదావరిని, తీరమును, జనమును అట్లు చూచెను. తనవలె బొమ్మలు గీయు బాలుర నెరిగి చేరదీసెను. వారిలో అడివి బాపిరాజు తరువాత నవలారచయితగ, చిత్రకారుడుగ ప్రసిద్ధి కెక్కెను. కవికొండల వెంకటరావు కవియయ్యెను. దామెర్ల రామారావును గూర్చి వేరుగ చెప్పవలెను.

రామారావు 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఆ బాలుని ప్రతిభ కూల్డ్రే కంటబడెను. ఆంగ్ల గురువు ఆంగ్ల చిత్రములను చూపి, వానిని అనుకరింపుమని చెప్పుట అందరు నూహించు పని. కూల్డ్రే శిష్యుని అజంతా గుహలకు తోడ్కొనిపోయెను. అచ్చటి గోడలపై వేయి యేండ్లకు పైబడిన చిత్రములలో, మన దేశపు మనుష్యులు మన దేశపు రేఖలలో నిలిచియుండిరి. వీనిని చూడుమని చెప్పినవాడు థేమ్సు తీరమువాడు!  1916లో ఆయన ప్రోత్సాహముతోనే రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్ళెను.

క్రమముగ కూల్డ్రేకు వినికిడి తగ్గెను. చిత్రకారునకు చెవులు లేకున్నను సాగును. శిష్యుడు లేచి ప్రశ్న వేయగ వినలేని గురువునకు తరగతి యెట్లు సాగును? బాలుర మౌనమును దాటివచ్చిన ఆయనకు ఇపుడు వారి మాటయే అందకపోయెను. 1919లో ఉద్యోగము విడిచి స్వదేశమునకు మరలెను.

అచ్చట ఆయన కలము గోదావరిని విడువలేదు. 1920లో వెలువడిన కవితా సంపుటికి థేమ్సు, గోదావరి నదుల పేర్లను జోడించి పెట్టెను. 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అను గ్రంథమున ఇచ్చటి జీవితమును వర్ణించెను. ఆ మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో, ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే రామారావు మశూచివలన మరణించెను. గురువు అటుపై ముప్పది యేండ్లకు పైగా జీవించి, 1958లో మరణించెను. రామారావు చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో పదిలపరుపబడినవి.