ఫిడేలు నాయుడు గారూ, నా సోడాబుడ్డి కళ్ళద్దాలూ

ముందుగా ఒక విషయం ఒప్పేసుకుంటా. పోయిన ఫెస్ట్‌లో ఇన్‌స్ట్రుమెంటల్ సోలోకి పేరిచ్చి, స్టేజీ ఎక్కి, నాలుగు లైన్లు కూడా వాయించకుండా దిగిపోయిన మనిషిని నేనే. ఆ రోజు ఆడిటోరియంలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. లేనివాళ్ళకి మా హాస్టల్ వాళ్ళు ఈపాటికి చెప్పేసే ఉంటారు.

జరిగింది ఇదీ. మొదటి రౌండ్ మనకి వచ్చింది వాయించడం. అది బాగానే గడిచింది. రెండో రౌండ్‌లో ఒక కాగితం ఇస్తారు, దాని మీదున్న నొటేషన్ అప్పటికప్పుడు చూసి వాయించాలి. కాగితమేమో స్టాండు మీద, నేనేమో కింద బాసింపట్టు వేసుకుని. నా కళ్ళద్దాల పవర్ మైనస్ 11. స్వరాలన్నీ చీమలబారులా కనిపించాయి. స్టాండు దగ్గరికి లాక్కుంటే బో ఆడదు, బో ఆడేంత దూరం పెడితే అక్షరం ఆనదు. రెండు నిమిషాలు తంటాలు పడి, సారీ చెప్పి దిగిపోయా.

అదే సాయంత్రం వర్క్‌షాప్‌కి వచ్చిన ఒక బ్యాండ్ వాళ్ళ దగ్గర డబుల్ బేస్ చూశా, జీవితంలో మొదటిసారి. మనిషికంటే ఎత్తు. మన వయొలిన్ రెండడుగులుంటే, అది ఆరడుగులుంది. దాన్ని నిలబెట్టి, పక్కన మనం నిలబడి వాయించాలి. వయొలిన్ మామూలు శ్రుతిలో అన్నిటికంటే లావు తీగ 196 హెర్ట్జ్ దగ్గర పలికితే, దాని లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్ గుర్తుంటే కారణం తెలిసిందే. తీగ పొడుగైనా, బరువైనా స్వరం కిందికి దిగుతుంది. ఇక్కడ రెండూ జరిగాయన్నమాట. వాయించిన ఆయన ఇంకో మాట చెప్పారు. బయటి దేశాల్లో ఈ ఒక్క వాయిద్యానికే యూనివర్సిటీల్లో పండగలు చేస్తారట. 1967లో గ్యారీ కార్ అనే అమెరికన్ విద్వాంసుడు మొదలుపెట్టిన అంతర్జాతీయ బేసిస్టుల సంఘం రెండేళ్ళకోసారి ఏదో ఒక క్యాంపస్‌లో కలుస్తుంది. పోటీలుంటాయి, మాస్టర్‌క్లాసులుంటాయి. మాస్టర్‌క్లాస్ అంటే అందరి ముందూ ఒక కుర్రాడు వాయిస్తాడు, పెద్దాయన అందరి ముందే సరిదిద్దుతాడు. వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. పొద్దున నా మాస్టర్‌క్లాస్ అయిపోయింది కదా, అందుకు.

సెలవులకి ఇంటికెళ్ళా. మాది కలిదిండి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటి మధ్యలో మేము. రాత్రయితే చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. ఆ మోటార్ల రొద తెల్లార్లూ ఒకే శ్రుతిలో ఉంటుంది. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు తప్ప మా ఊళ్ళో తంబురా అక్కర్లేదని నవ్వుకునేవాళ్ళం. అరుగు మీద కూర్చుని తాతయ్యతో అన్నా, వయొలిన్ ఎవరికైనా ఇచ్చేద్దామని. కళ్ళు సరిగా లేనివాళ్ళకి ఈ సంగీతం కుదరదని కూడా అన్నా. తాతయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫిడేలు నాయుడు గారి పేరు విన్నావా అని అడిగారు. వినలేదు. తాతయ్య చిన్నప్పుడు పంచాయతీ రేడియో దగ్గర నిలబడి ఆయన్ని విన్నారట. ఆ రాత్రి ఆయన చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. దీపావళి రోజు పుట్టారని చెబుతారు. నాన్నగారిది సైన్యంలో ఉద్యోగం. పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నప్పటినుంచీ చూపు మందం. నల్లబల్ల మీద రాసింది కనిపించక బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఈ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయా. చివరి బెంచీలో కూర్చుని పక్కవాడి నోట్సు చూసి రాసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. నాకు కనీసం మైనస్ 11 అద్దాలున్నాయి. ఆ రోజుల్లో అవీ అంతంతమాత్రమే.

బడి పోయింది, ఫిడేలు మిగిలింది. నేర్పింది సొంత అన్నయ్య వెంకటకృష్ణయ్య గారు. ఇంట్లో గురువు, చేతిలో వాయిద్యం, రోజంతా ఖాళీ. మనమైతే ఆ ఖాళీని ఏం చేస్తామో నేను చెప్పక్కర్లేదు. ఆయన సాధన చేశారు. కాగితం చూసే పనే లేదు. అన్నయ్య వాయిస్తే వినాలి, తిరిగి వాయించాలి. తప్పితే మళ్ళీ వినాలి. అలా చెవిలోంచి వేళ్ళలోకి దిగిన సంగీతం అది.

ఇక్కడ వయొలిన్ గురించి ఒక ముక్క. ఇది మన వాయిద్యం కాదు, యూరప్ నుంచి ఓడెక్కి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చుకుని, మన సంగీతానికి పట్టుకొచ్చిన తొలివాళ్ళలో ఒకరు. తెల్లవాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తే, మనవాళ్ళు కింద కూర్చుని, దాని తలని కుడి పాదం దగ్గర ఆనించారు. దాంతో ఎడమ చెయ్యికి బరువు మోసే పని తప్పి, తీగ మీద పైకీ కిందికీ జారడానికి స్వేచ్ఛ దొరికింది. గమకాలు పలికేది ఆ జారుడులోనే. తీగల శ్రుతి కూడా మార్చేసి స, ప, స, ప చేసుకున్నారు. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ అదే, కాన్ఫిగరేషన్ మనది.

1919లో విజయనగరంలో మహారాజా పూసపాటి విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల పెట్టారు. ఎందుకు పెట్టారో ఆ ప్రాంతంలో చెప్పుకునే కథ ఒకటుంది. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు. ఆ పిల్లాడికి సంగీతం నేర్పించే ఏర్పాటు చెయ్యమని అడిగితే, రాజావారు ఒక మాస్టారుని పెట్టి ఊరుకోకుండా ఏకంగా కళాశాలే తెరిచారట. అంటే ఒక చూపులేని పిల్లాడి కోసం పుట్టిన కాలేజీ అది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు.

ఆ కాలేజీలో విద్యార్థిగా చేరదామని నాయుడు గారు వెళ్ళారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటాయి. అడ్మిషన్ కోసం వాయించమన్నారు, వాయించారు. విన్నాక దాసు గారు ఆయన్ని విద్యార్థిగా చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి రమ్మన్నారు. సీటు అడిగితే కుర్చీ ఇచ్చారన్నమాట! వయొలిన్ అధ్యాపకుడిగా అలా మొదలైన ఉద్యోగం, దాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ పదవి దాకా వెళ్ళింది. బడిలో నల్లబల్ల కనపడని పిల్లాడు కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యాడు.

ఇది చదువుతుంటే నాకు డబుల్ బేస్ ఆయన చెప్పిన ఇంకో మనిషి గుర్తొచ్చాడు. ఇటలీలో జొవాన్ని బొట్టెసీని అని ఒకాయన, 1821లో పుట్టాడు. చిన్నప్పుడు నేర్చుకున్నది వయొలిన్. 1835లో మిలాన్ సంగీత కళాశాలలో ఫీజు కట్టక్కర్లేని సీటు కోసం వెళితే మిగిలినవి రెండే, ఒకటి బసూన్, ఇంకోటి డబుల్ బేస్. కొన్ని వారాల్లో డబుల్ బేస్ నేర్చుకుని ఆ సీటు పట్టేశాడు. కౌన్సెలింగ్‌లో మిగిలిన బ్రాంచి తీసుకున్న మనందరి అన్నయ్య! తర్వాత ఆ వాయిద్యంలో అంతటివాడు లేడనిపించుకున్నాడు. 1871లో కైరోలో వెర్డీ ఐదా మొదటి ప్రదర్శన నడిపించింది కూడా ఆయనే. అడిగిన సీటు దొరక్క ఆయన బాగుపడితే, అడిగిన సీటు ఇవ్వకపోవడం వల్ల మన నాయుడు గారు బాగుపడ్డారు.

కచేరీల్లో వయొలిన్ అంటే పక్కవాయిద్యం. గాయకుడు ముందు వెళతాడు, ఫిడేలు నీడలా వెనక వెళుతుంది. నాయుడు గారు పెద్ద పెద్ద విద్వాంసులకి పక్కన వాయించారు. అయితే 1938లో వెల్లూరులో సోలో కచేరీ చేశారు. పాటగాడు లేకుండా వయొలిన్ ఒక్కటే కచేరీ మొత్తం మొయ్యగలదని జనాన్ని ఒప్పించిన వాళ్ళలో ఆయన ముఖ్యులు. ఆయన వాయిద్యంలో అందరూ చెప్పేది బో గురించి. నిడివైన, తెగని బో. పాడేవాడు ఒక్క ఊపిరిలో సాగదీసినట్టు ఉంటుంది. నేను పాత రికార్డింగులు విన్నా. వెనకాల గరగర వినిపిస్తూనే ఉంటుంది గానీ, రెండు నిమిషాలయ్యాక ఆ గరగర చెవికి ఆనదు.

గుర్తింపులు వరసగా వచ్చాయి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1952లో యెహుదీ మెనుహిన్ మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారింట్లో నాయుడు గారి వాయిద్యం విని ముగ్ధుడయ్యాడు. ప్రపంచంలో అందరూ వయొలిన్ అనగానే తలుచుకునే మనిషి, కింద కూర్చుని వాయించే మన వయొలిన్ ముందు శ్రోతగా కూర్చున్నాడు. నాకు వీటన్నిటికంటే ఎక్కువగా నచ్చింది ఇంకోటి. అదే 1952లో ఢిల్లీలో అంధుల సహాయ నిధి కోసం ఆయన సోలో కచేరీ చేశారు. దాని గురించి నేను వివరించక్కర్లేదు.

ఆ కాలేజీకీ మా వైపుకీ ఒక బంధుత్వం ఉంది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గారు, చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్ళింది ఆ కాలేజీ కోసమే. ప్రిన్సిపాల్ అప్పుడు నాయుడు గారే. సెలవుల్లో వెళ్ళిన ఆ కుర్రాడికి తెరిచేదాకా అక్కడే తల దాచుకోవడానికి ఒప్పుకున్నారని చెబుతారు. తర్వాత పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో పెట్టుకుని చదువు చెప్పారు, మధుకరం ఎత్తుకుని తింటూ ఆయన చదువుకున్నారు. మా తాతయ్యకి ఈ భాగం చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. కలిదిండి నుంచి గుడివాడ ఎంత దూరమని!

నాయుడు గారు 1964 నవంబరు 25న పోయారు. 71 ఏళ్ళు. 1993లో శతజయంతికి తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. విజయనగరం కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది.

తాతయ్య కథ ముగించి లోపలికెళ్ళి పడుకున్నారు. వయొలిన్ ఇవ్వాలనో వద్దనో ఒక్క మాటా అనలేదు. నేను కాసేపు అలాగే కూర్చున్నా. చెరువుల మీద మోటార్లు తిరుగుతున్నాయి. పెట్టె తెరిచి, లావు తీగని ఆ రొదకి శ్రుతి చేసుకుని, నాకు చిన్నప్పుడు మాస్టారు నేర్పిన వర్ణం మొదలుపెట్టా. కాగితం లేదు, లైటూ లేదు. మొత్తం వచ్చింది. రెండుచోట్ల తప్పింది, అవి కళ్ళ తప్పులు కాదు, సాధన లేక తప్పినవి.

ఇక్కడ ఒక జాగ్రత్త. నాయుడు గారి కథ చదివి, చూపు లేకపోతే ప్రతిభ వస్తుందని ఎవరూ అనుకోవద్దు. అలా ఏమీ రాదు. ఆయనకి నేర్పే అన్నయ్య ఉన్నారు, చెవితో నేర్చుకునే పద్ధతి ఉంది, కాగితం అడగకుండా విని చేర్చుకున్న దాసు గారు ఉన్నారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మనకి ఆయన పేరు తెలిసేది కాదేమో. అలా ఎవరి పేర్లు తెలియకుండా పోయాయో అది కూడా మనకి తెలియదు.

అందుకే మ్యూజిక్ క్లబ్ వాళ్ళకి ఒక అర్జీ పెట్టా. వచ్చే ఫెస్ట్‌లో రెండో రౌండ్‌కి కాగితంతో పాటు ఆ ముక్క ఆడియో కూడా ఇవ్వండి, చూసి వాయించేవాళ్ళు చూసి వాయిస్తారు, విని వాయించేవాళ్ళు విని వాయిస్తారు అని. ఇంకా జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా నా పేరు మాత్రం ఇస్తున్నా. ఈసారి దిగిపోను. ఆడిటోరియానికి రండి.