గాజుల మలారము మోసిన యోగి: కైవారము తాతయ్య

మన మిట్టేమరి ప్రాంతమున కైవారము తాతయ్య పేరు వినని యిల్లు అరుదు. చిన్ననాట మేమును ఆయన పటమునకు పూలు పెట్టి మ్రొక్కినవారమే. కాని ఆయన యేమి బోధించెనని యెవరైన నడిగిన యెడల మాకు నోట మాట వచ్చెడిది కాదు. ఆ సిగ్గే మాచేత నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

నేటి చింతామణి తాలూకాలోని కైవారమున, బలిజ కుటుంబమున, నారాయణప్ప జన్మించెను. 1726లో పుట్టి 1836లో సమాధి నొందెననియు, 110 యేండ్లు జీవించెననియు భక్తులు చెప్పుదురు. ఆ లెక్కతో మాకు తగవు లేదు. కులవృత్తి గాజులమ్ముట. మలారము భుజమున వేసికొని పల్లె పల్లెకు తిరిగి, ఆడువారి చేతులకు గాజులు తొడిగి, లాభమెరుగక యింటికి వచ్చెడివాడట. హైదరాలీ, టిప్పు సుల్తానుల యుద్ధములు ఈ సీమను త్రొక్కిన కాలమది. 1799లో టిప్పు పడిపోయెను. మైసూరు గద్దె మరల ఒడెయరులకు దక్కెను. 1831లో పాలన ఆంగ్లేయ కమిషనర్ల చేతికి పోయెను. దొరలెందరు మారినను గాజుల బేరము మాత్రము మారలేదు కాబోలు!

పరదేశిస్వామి యను గురువు ఆయనకు అష్టాక్షరి నుపదేశించి, ఒక గులకరాతిని నోట నుంచుకొని జపింపుమనియు, అది కలకండయైననాడు సిద్ధి కలుగుననియు చెప్పెనని కథ. ఊరికి సమీపముననున్న నరసింహ గుహలో ఆయన తపస్సు చేసెను. రాయి నిజముగా కలకండ యాయెనా యని బాలురడుగుదురు. మాకు తోచినదొకటి గలదు: నోట రాయి యున్నవాడు ఒకరిని తిట్టజాలడు, గొప్పలు చెప్పుకొనజాలడు. ఆ పాటి తపస్సును ఒక్క దినము చేసి చూచిన చాలును, ఎంత కష్టమో తెలియగలదు.

పిదప నారేయణ యోగియై తెలుగునను కన్నడమునను కీర్తనలు, శతకములు, కాలజ్ఞానము రచించెను. కులగర్వమును, దొంగ గురువులను, మనస్సు మారని ఆడంబర పూజలను నిర్మొగమాటముగా ఖండించెను. అట్లని గుడిని ద్వేషింపలేదు. కైవారమందలి అమరనారేయణస్వామి పేరనే పాడెను.

ఇచ్చట బైబిలులోని కథయొకటి మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఎడారిలో పాము కాటునొందిన ప్రజలు బ్రదుకుటకై మోషే దేవుని యాజ్ఞచే ఇత్తడి సర్పమును చేయించెను. తరములు గడచిన పిదప జనులు ఆ యిత్తడికే ధూపము వేయసాగిరి. హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించెను. ప్రాణము కాపాడినదే తుదకు దేవుని మరుగుపరచెను.

మన తాతయ్యకు నేడదే గతి పట్టునేమో యని మా భయము. విగ్రహమునకు హారతులు కొదువ లేదు. కాలజ్ఞానమును జోస్యపు పుస్తకమువలె తిప్పుచున్నారు. తెలుగు లిపి రాక, ఆయన తెలుగు పదములను కన్నడ అక్షరములలో చూచి పాడువారు గలరు. వారిని నిందింపము, పాడుచున్నారు, అంతియే పదివేలు. అర్థము చెప్పువారే తగ్గుచున్నారు.

మొన్న మా యింటి అవ్వ ఆయన కీర్తన పాడుచు నడుమ నాగి, ఒక మాట కర్థమేమిరా యని మమ్మడిగెను. నలువది యేండ్లుగా ఆమె పాడుచున్న మాట యది. మేము లేచి నిఘంటువు వెదకితిమి.