యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

వానకాలము వచ్చినదన్న మన నిజాంపేటలో జ్వరములు తప్పవు. తరగతులలో నాలుగైదు బల్లలు ఖాళీగా కనబడును. పిల్లవాడు తిరిగి వచ్చునాడు సెలవుచీటీతోపాటు రక్తపరీక్ష కాగితమును గూడ తల్లిదండ్రులు తెచ్చి చూపుదురు. తెల్లకణములు, ప్లేట్‌లెట్లు అను మాటలు ఇప్పుడు ఆరవ తరగతి బాలురకు సైతము నోట నానిన మాటలే. ఆ కాగితము మీది అంకెల వెనుక ఎందరో శాస్త్రజ్ఞుల శ్రమ యున్నది. వారిలో ఒకరు మన తెలుగువారు. ఆయన పేరు విన్నవారికంటె ఆయన కృషివలన వెలువడిన మందులు మ్రింగినవారే లోకమున ఎక్కువ. కావున ఈ సంచికలో ఆయన చరిత్రమును బాలబాలికలకు తెలుపదలచితిమి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యమువలన ముందుగానే పని మానుకొనవలసి వచ్చెను. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. సుబ్బారావుగారు బాల్యమున బుద్ధిమంతులని చెప్పుటకు వీలులేదు. పదుమూడేండ్ల వయసున ఇంట చెప్పకుండ కాశికి బయలుదేరిరి. అది భక్తిచేత గాదు. యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని! తల్లి ఆయనను వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మదరాసు హిందూ హైస్కూలునుండి నెగ్గిరి. పరీక్ష తప్పిన విద్యార్థులు ఈ వాక్యమును రెండుమారులు చదువుకొందురుగాక.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయనకు సన్న్యాసము స్వీకరించి రామకృష్ణ మిషనులో చేరవలెనను కోరిక కలిగెను. తల్లి ఒప్పుకొనలేదు. వైద్యము నేర్చినచో రోగులకు సేవచేయవచ్చునను ఆలోచనమే తుదకు ఆయనను మదరాసు వైద్యకళాశాలకు చేర్చెను. స్నేహితుల సాయముతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయముతోను చదువు సాగెను. 1919లో శేషగిరిగారితో వివాహము జరిగెను.

ఆ రోజులలో గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రవైద్యశాలలో ఖద్దరు దుస్తులు ధరించిరి. ఆచార్యులైన బ్రాడ్‌ఫీల్డు దొరగారికి ఇది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో మంచి ప్రజ్ఞ చూపినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలోను చోటు దొరకలేదు. తుదకు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుటకు కుదిరిరి.

ఇంతకుముందే ఆ కుటుంబముపై పిడుగు పడియుండెను. ఆయన సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి కొలది దినముల వ్యవధిలోనే ఒకరివెంట నొకరు మరణించిరి. వారిని చంపిన వ్యాధికి స్ప్రూ అని పేరు. మన వైద్యులు గ్రహణి యని చెప్పుదానికి ఇది దగ్గరగా నుండును. ఈ వ్యాధిలో తిన్న యన్నము ఒంటబట్టదు. నాలుక పుండగును, విరేచనములు ఆగవు, రోగి పాలిపోయి క్షీణించును. పిమ్మట సుబ్బారావుగారికి గూడ అదే వ్యాధి సోకెను. లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రదికి బయటపడిరి. తమ్ముడును అన్నయు పోయిన రోగమునకు మూలమేమో అప్పటి వైద్యులెవరికిని తెలియదు. ఆ ప్రశ్న ఆయనను వదలలేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థవారి వాగ్దానమును, మామగారు కూర్చిన ధనమును నమ్ముకొని ఆయన అమెరికాకు పయనమైరి. మూడేండ్లలో తిరిగివత్తునని శేషగిరిగారికి చెప్పి వెళ్లిరి. రాలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూచియెరుగడు. శేషగిరిగారును భర్తను మరల చూడలేదు. మహనీయుల చరిత్రలు వ్రాయువారు ఇట్టి విషయములను ఒక వాక్యముతో దాటిపోవుచుందురు. మేమును అంతకంటె ఎక్కువ వ్రాయలేకున్నాము గాని, ఆయన కీర్తికి ఆమె చెల్లించిన మూల్యమును చదువరులు మరువరాదు.

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వ్యాధులనుగూర్చి చదివి డిప్లొమా పొందిరి. పొట్టగడుచుటకు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా చేరి, రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. పగలు సైరస్ ఫిస్కు అను ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేసిరి. అక్కడ 1925లో వెలువడినదే ఫిస్కు-సుబ్బారావు పద్ధతి. దానిని కొంచెము వివరింతుము.

రక్తములో భాస్వరము కొద్దిపాటిగా నుండును. ఎముకలు మెత్తబడు వ్యాధులలోను, మూత్రపిండములు చెడినప్పుడును దాని పాలు మారును. ఇంత స్వల్పమైనదానిని తూచుట యెట్లు? మొదట రక్తములోని మాంసకృత్తులను ఒక ఆమ్లముతో విరిచి వడకట్టి వేయవలెను. మిగిలిన తేటనీటికి మాలిబ్డేటు అను లవణమును చేర్చినచో అది భాస్వరముతో కలియును. పిదప మరియొక ద్రవ్యమును కలిపినచో ఆ నీరు నీలవర్ణము దాల్చును. భాస్వరమెంత యెక్కువయో నీలమంత చిక్కన. తెలిసిన పాలుగల నీలపునీటితో సరిపోల్చి చూచినచో లెక్క తేలును. ఇంతే! కాని ఈ సులువైన కొలతవలన ప్రపంచములోని ఆసుపత్రులన్నిటను రక్తపరీక్ష యొకటి సాధ్యమయ్యెను. ఇప్పటికిని యంత్రములు చేయుచున్న భాస్వర పరీక్షలలో మాలిబ్డేటుతో కలయు ఆ రసాయనచర్యయే ఆధారము.

ఈ కొలత చేతబట్టుకొనియే ఆయన కండరములను శోధించి, 1927లో ఫిస్కుగారితో కలిసి ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వెలువరించిరి. ఏ.టి.పి.ని జర్మనీ దేశమున లోమాను అను శాస్త్రజ్ఞుడును అదేకాలమున కనుగొనెను. మనము చేయియెత్తినను, హృదయము కొట్టుకొన్నను వ్యయమగు శక్తి ఈ పదార్థములలోనిదే. 1930లో హార్వర్డువారు ఆయనకు పి.హెచ్.డి. పట్టమిచ్చిరి, స్థిరమైన ఆచార్యపదవి మాత్రమియ్యలేదు. ఆయన చేసిన పనిలో కొంత వెలుగు చూడకుండ ఫిస్కుగారే అడ్డుపడిరని, ఆ ప్రయోగశాలలోనే పనిచేసి తరువాత 1988లో నోబెలు బహుమానము పొందిన హిచింగ్సుగారు చెప్పియున్నారు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరులోనున్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లిరి. సోదరులను చంపిన వ్యాధి జాడ ఆయనకు అక్కడ దొరకెను.

అంతకు పదేండ్లకు ముందు లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల పాండురోగమును పరిశీలించి, ఈస్టు సారములో దానిని మాన్పు ద్రవ్యమేదో యున్నదని కనుగొనెను. 1941లో టెక్సాసు విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక ద్రవ్యమును స్వల్పముగా తీసి, ఆకునకు లాటిను పేరును బట్టి ఫోలిక్ ఆమ్లమని పిలిచిరి. నాలుగు టన్నుల ఆకుకూరతో ఎందరికి మందు చేయగలము? కాలేయమునుండి శుద్ధమైన స్ఫటికములు తీసి, దాని నిర్మాణమును తెలిసికొని, తుదకు 1945లో ఆ ద్రవ్యమును రసాయనముగా తయారు చేసినది లెడర్లీలో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము. ప్రకటించిన వ్యాసములో పదునార్గురి పేర్లున్నవి. వాటి నడుమ నెక్కడనో ఆయన పేరును ఉన్నది. తన పేరు ముందు నిలుపుకొనుట ఆయనకు అలవాటు లేదు.

ఎముకల మూలుగలో రక్తకణములు క్షణక్షణము పుట్టుచుండును. కణము రెండు కావలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలెను. అది చాలనిచో ఎర్రకణములు పెద్దవై, సంఖ్యలో తగ్గిపోవును. లోపము ముదిరినచో రోగములను ఎదిరించు తెల్లకణములును, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లును తగ్గును. స్ప్రూ రోగికి ప్రేగులు ఈ ద్రవ్యమును గ్రహింపలేవు. టామ్ స్పైస్ అను వైద్యుడు 1945-46 ప్రాంతమున అమెరికాలోను క్యూబాలోను ఇట్టి రోగులకు క్రొత్త ఫోలిక్ ఆమ్లమిచ్చి చూడగా, పాలిపోయినవారి రక్తము మరల నిండెను. పురుషోత్తము, కృష్ణమూర్తిగార్లు పోయి అప్పటికి పాతికేండ్లు దాటెను.

ఇంక ఈ కథలో అన్నిటికంటె హృదయమును కదల్చు ఘట్టము. బోస్టనులో పసిపిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. ల్యుకీమియా అను రక్తక్యాన్సరుతో వచ్చు బిడ్డలను ఆయన నిత్యము చూచుచుండెను. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘనమిల్లీమీటరునకు సుమారు 4,000 మొదలు 11,000 వరకు తెల్లకణములుండును. ఈ రోగులలో అవి అదుపు తప్పి పెరుగును. పెరిగినవి రోగములతో పోరాడలేని పనికిమాలిన కణములు. సైన్యము పెద్దదే, ఆయుధము పట్టువాడు లేడు. కావున తెల్లకణములు ఎక్కువగా నున్నవని సంతోషించుటయు, తక్కువగా నున్నవని వెంటనే బెదరుటయు రెండును పొరపాట్లే. ఏ జాతి కణములో, ఏ దినమున ఎన్నియో చూడవలెను.

ఫోలిక్ ఆమ్ల జాతి ద్రవ్యములిచ్చినచో ఈ వ్యాధి తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు ఫార్బరుగారికి తోచెను. అట్లయినచో దానికి విరోధియైన ద్రవ్యము వ్యాధిని అణచవలదా? సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని చోటును ఆక్రమించి, దాని పనిని మాత్రము చేయని ద్రవ్యములను తయారుచేసి పంపెను. వానిలో అమినాప్టెరిన్ అనునది ఒకటి. 1947 డిసెంబరు కడపట రెండేండ్ల బాలునికి దానినిచ్చిరి. వాని తెల్లకణములు దినదినము పెరుగుచు డెబ్బదివేలకు చేరువైయుండెను. మందు పడిన కొలది దినములలో ఆ లెక్క నిలిచెను, పిదప దిగెను. లేవలేక పడియున్న బిడ్డ మరల నడచెను. 1948 జూనులో ఫార్బరుగారు పదునార్గురు బిడ్డలకు చికిత్స చేసి, పదిమందికి గుణము కనబడినదని ప్రకటించిరి. ఆ గుణము కొన్ని నెలలే నిలిచెను. వ్యాధి తిరిగి వచ్చెను. ఆ బాలుడును బ్రదుకలేదు. అయినను అంతవరకు ఏ మందునకును లొంగని రోగము మొదటిసారి వెనుకకు జరిగెను. అదే జాతికి చెందిన మెథోట్రెక్సేటు ఇప్పటికిని క్యాన్సరునకును, తక్కువ మోతాదున కీళ్లవాతమునకును వాడుచున్నారు. అది తెల్లకణములను తగ్గింపగలదు గనుక దానిని తీసికొనువారికి అప్పుడప్పుడు రక్తపరీక్ష తప్పదు. వారికి జ్వరము వచ్చినచో వైద్యునికి వెంటనే తెలుపవలెను.

బోదకాలు వ్యాధికి హెట్రజాను అను మందును 1947లో ఆయన ప్రయోగశాలనుండియే వచ్చెను. గోదావరి తీరముననుండి పోయినవారికి ఆ వ్యాధి యెట్టిదో ఒకరు చెప్పవలసిన పనిలేదు. దాని పురుగులు రాత్రివేళలందే రక్తములో తిరుగును గనుక, అర్ధరాత్రి ప్రాంతమున రోగిని లేపి రక్తపుచుక్క తీయు పద్ధతి యేర్పడినది.

1948లో ఆరియోమైసిను వెలువడెను. డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడగు డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి పరిశోధనశాఖలో పనిచేయుచు, మిస్సోరి నేలమట్టిలోని బంగారువన్నె సూక్ష్మజీవినుండి దీనిని కనుగొనెను. టెట్రాసైక్లిను జాతి మందులలో ఇది మొదటిది; 1994లో సూరతులో ప్లేగు చెలరేగినప్పుడు వాడినవియు ఈ జాతివే. ఆ దినములలో ఇది కొన్ని వైరసులను సైతము చంపునని తలచిరి. చిలుకలనుండి మనుష్యులకు సోకు జ్వరము వంటి కొన్నిటికి కారణమైనవి వైరసులే యని అప్పటివారు నమ్మియుండిరి. అవి బ్యాక్టీరియాజాతివని తరువాత తేలెను. నిజమైన వైరసులపై ఈ మందు పనిచేయదు. డెంగీ జ్వరమునకు ఇట్టి మందులు అడిగి కొనుచున్న తల్లిదండ్రులు దీనిని గమనింతురుగాక. డెంగీలో మొదట తెల్లకణములు, పిదప ప్లేట్‌లెట్లు తగ్గును. జ్వరము దిగిన దినములలోనే రక్తనాళములనుండి నీరు కారి ప్రమాదము రావచ్చును. జ్వరము తగ్గినదని పరీక్ష మానుకొనుట అందుచేతనే తగదు. ఒంటిలోని రోగనిరోధకశక్తి నంతటిని ఒక్క అంకెతో చెప్పెదమని వచ్చు ప్రకటనలను మాత్రము నమ్మవలసిన పనిలేదు. వైద్యునికి కావలసినది నేటి లెక్క, నిన్నటి లెక్క, రోగి స్థితి, మూడును కలిపి.

ఆరియోమైసినును లోకమునకు ప్రకటించిన కొలది వారములకే, 1948 ఆగస్టు మాసమున, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయసు 53 సంవత్సరములు. పాతికేండ్లు అమెరికాలో నుండియు, అవకాశము కలిగిన తరువాతను, ఆయన ఆ దేశపౌరసత్వము పొందలేదు. ఆయన మరణించిన కొన్నియేండ్లకు ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. 1995లో శతజయంతికి మన తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్ల ముద్రించిరి.